చప్పుడు లేని కారు

"ప్లగ్ పెట్టావా?"

భోజనం చేసి లేస్తూ, తువ్వాలు కోసం చుట్టూ చూస్తూ భర్త అడిగిన మాట ఇది. అడిగిన తీరులో విశేషమేమీ లేదు. మోటారు ఆపావా, పాలు దించావా అన్నట్టే అడిగాడు. ఆమె "ఆఁ, పెట్టాను" అంది. అన్న తర్వాత, చేతిలో గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగిపోయింది. అవును, ఈ పని నా మీదికి ఎప్పుడు వచ్చింది?

కొత్త కారు వచ్చి ఇంకా నెల కాలేదు. కరెంటుతో నడిచే కారు. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉన్నాయి, అతను తియ్యనివ్వడం లేదు. పాత డీజిలు కారు ఉన్నన్నాళ్ళూ బంకుకి వెళ్ళడం అతని పని. ఆదివారం పొద్దున్నే చొక్కా మార్చుకుని, తాళాలు వేలికి తిప్పుకుంటూ, ఏదో రాచకార్యం మీద పోతున్నట్టు బయల్దేరేవాడు. డీజిలు కొట్టించి, టైర్లలో గాలి చూపించి, అద్దాలు తుడిపించి, అక్కడ తెలిసినవాళ్ళెవరైనా కలిస్తే టీ తాగి, ఎండెక్కాక వచ్చేవాడు. "బండి పని చూసొచ్చా" అని కుర్చీలో కూలబడేవాడు. అతనికి మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు నిజంగానే పాపం అలిసిపోయాడనిపించేది ఆమెకి.

ఇప్పుడు బంకు ఇంట్లోకే వచ్చేసింది. షెడ్డు గోడకి బిగించిన చిన్న పెట్టెలోంచి వస్తుంది బండికి కావలసిన తిండి. ఇంట్లోకి వచ్చింది కాబట్టి అది నీళ్ళు పట్టడం లాంటి పని అయిపోయింది, దుప్పట్లు మడతపెట్టడం లాంటి పని అయిపోయింది. అంటే ఆమె పనుల్లో చేరిపోయింది. ఫలానా రోజు నుంచి నువ్వు చెయ్యి అని ఎవరూ అనలేదు. నేను చేస్తానని ఆమె కూడా అనలేదు. కానీ వైరు ఎలా చుట్టిపెడితే మెలిపడదో, వాన జల్లు కొడుతుంటే మూత ఎటువైపు తిప్పాలో, రోజూ నిండా ఎక్కించకుండా ఎనభై శాతం దగ్గర ఎందుకు ఆపాలో ఆమెకే తెలుసు. భర్త ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. వారంలో చాలా రోజులు ముందుగదిలో కంప్యూటర్ ముందే ఉంటాడు. అతని కుర్చీ నుంచి షెడ్డు కనిపిస్తుంది. అయినా ఆమె ఆస్పత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పే లోపలే, "ఆ వైరు కాస్త తగిలించెయ్యి, మళ్ళీ మర్చిపోతావ్" అంటాడు.

కోపం రావాలేమో. రాలేదు. ఆమెకి వచ్చింది కుతూహలం. వీధిలో ఉన్నంతసేపూ మగపని. గేటు దాటి లోపలికి రాగానే ఆడపని. మరి ఆ మారడం సరిగ్గా ఎక్కడ జరుగుతుంది? గేటు దగ్గరా, గోడ దగ్గరా, లేక ఆమె చెయ్యి ముందుకు చాచిన చోటా? గిన్నె తోముతూ చాలాసేపు ఆలోచించింది.

ఆలోచించడం ఆమెకి అలవాటు. పైకి కనిపించని అలవాటు. ఆమె పని అలాంటిది. ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. బయటి చప్పుడు దూరని గాజు గదిలో రోగిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తుంది. ఇవతల తను కూర్చుని సన్నటి శబ్దాలు పంపిస్తుంది. వినపడితే రోగి బటన్ నొక్కాలి. శబ్దం తగ్గిస్తూ తగ్గిస్తూ పోతుంది. ఒకచోట మనిషి మొహం మారుతుంది. విన్నానా, విన్నాననుకున్నానా అని తనలోకి తాను చూసుకునే చూపు. ఆ చూపు కోసమే తను ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఉందేమోనని ఆమెకి ఒక్కోసారి అనిపిస్తుంది. పరీక్షకి వచ్చే పిల్లలు ఆమెని 'బీప్ ఆంటీ' అంటారు.

ఒకసారి ఒక పెద్దావిడని కొడుకూ కోడలూ తీసుకొచ్చారు. "మేం ఎంత అరిచినా వినపడదు మేడం, గోడకి చెప్పినట్టే" అన్నారు. పరీక్ష చేస్తే ఆవిడ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. బటన్ మాత్రం నొక్కడం లేదు. నొక్కకుండా ఉండటానికి వేలు ఎంత బిగపట్టుకుందో గాజులోంచి కనిపిస్తోంది. హెడ్‌ఫోన్లు తీస్తుంటే ఆవిడ చెయ్యి పట్టుకుంది. "బాగానే ఉన్నాయని వాళ్ళకి చెప్పకమ్మా. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఈ చెవుడొక్కటే" అంది. ఆ రోజంతా ఆమెకి ఆ వేలే గుర్తొచ్చింది.

ఎందుకంటే ఆమెదీ అదే సంగతి. పెళ్ళైన కొత్తలోనే ఒక మాట పట్టుకుంది. "ఏమన్నారు? వినపడలేదు." భర్త విసురుగా ఏదైనా అంటే వినపడలేదు. ఆడపడుచు నవ్వుతూ చురక వేస్తే వినపడలేదు. రెండోసారి అనమంటే మనుషులు మెత్తబడతారు, లేదా విసుక్కుని వదిలేస్తారు. ఎటైనా గొడవ ఉండదు. ఈ మాటకి పెద్ద అండ పాత కారు. అందులో కూర్చుంటే పొలంలో పంపుసెట్టు పక్కన కూర్చున్నట్టే. ముందు సీట్లో అత్తగారు, స్టీరింగ్ దగ్గర భర్త, వెనక సీట్లో సంచులూ ఆమే. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ముందైతే కాళ్ళు చాపుకోవచ్చు. ముందు వాళ్ళు ఏం మాట్లాడుకున్నా వెనక్కి వచ్చేది ఇంజను రొదే. ఆ రొదలో ఆమె హాయిగా తన లోపలికి తాను వెళ్ళిపోయేది. ఎన్ని ప్రయాణాలు అలా గడిచాయో.

కొత్త కారు మొదటిరోజు కదిలినప్పుడు ఆమెకి ఒళ్ళు జలదరించింది. తన గాజు గది తలుపు వేసినప్పటి నిశ్శబ్దం అది. ఆ నిశ్శబ్దంలో చిన్న చిన్న చప్పుళ్ళు పైకి లేచాయి. టైర్ల కింద ఇసుక నలగడం. భర్త చేతి గడియారం స్టీరింగ్‌కి తగలడం. సంచిలో డబ్బా మూత కదలడం. అత్తగారి ముక్కులో ఊపిరి. అందరూ ఇంత దగ్గరగా ఉన్నారా అనిపించింది. హాస్టల్లో ఉన్న కూతురు ఫోన్లో విని, "అయితే దానికి పిల్లి అని పేరు పెడదాం అమ్మా, చప్పుడు లేకుండా వచ్చేస్తుంది కదా" అంది. ఇంట్లో అందరూ ఇప్పుడు దాన్ని పిల్లి అనే అంటున్నారు, ఒక్క భర్త తప్ప. అంత పెట్టి కొన్నదాన్ని పిల్లి అంటే అతనికి నచ్చదు.

ఆ ఆదివారం అందరూ కలిసి ఆడపడుచు ఇంటికి వెళ్ళొచ్చారు. ఆడపడుచుకి ఈ మధ్యే ఆడపిల్ల పుట్టింది. తిరుగు ప్రయాణంలో ఆమె ఎప్పటిలాగే వెనక సీట్లో, తల కిటికీకి ఆనించి కూర్చుంది.

"దానికి చెప్పావురా?" అంది అత్తగారు.

ఆవిడ గుసగుసే అనుకుంది. అది గుసగుస కాదు. చెవులు మందగించినవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. పరీక్షకి రమ్మని ఆమె ఎన్నిసార్లు చెప్పినా, "నాకేం చెవుడా? మీరే నోట్లో నోట్లో మాట్లాడతారు" అని అత్తగారు కొట్టిపారేస్తుంది.

భర్త అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. మూసుకోవాలని అనుకోలేదు, రెప్పలే పడ్డాయి.

"ఇంకా లేదమ్మా. నెమ్మదిగా చెప్తాలే" అన్నాడు. అతనూ గొంతు తగ్గించాడు. కానీ పాత కారుకి సరిపోయేంతే తగ్గించాడు. "చెల్లికైతే మాట ఇచ్చేశాను. మీ వదిన ఉంది, పాపని చూసుకుంటుంది, నువ్వు నిశ్చింతగా ఉద్యోగంలో చేరు అని."

"మరి ఇది ఉద్యోగం మానుతుందా?"

"ఏం ఉద్యోగం అమ్మా! జనం చెవుల్లో బీప్ బీప్ మనిపించడమేగా. ఆ మిషను ఎవరు నొక్కినా నొక్కుతుంది."

అత్తగారు నవ్వింది. "అవున్లే. రోజంతా అద్దాల గదిలో కూర్చునొస్తుంది. ఇక్కడైతే పిల్లతోనైనా పొద్దుపోతుంది."

ఆమె మనసులో మొదట వచ్చిన ఆలోచన చాలా వింతది. గాజు గదిలో కూర్చునేది రోగి, నేను కాదు. అది సరిదిద్దాలనిపించింది, అంతే. ఉద్యోగం, మాట ఇవ్వడం, పాప, అవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి కూర్చున్నాయి. గుండె గట్టిగా కొట్టుకుంటోంది, ఈ కార్లో అది కూడా వాళ్ళకి వినపడుతుందేమోనని భయం వేసింది. ఒళ్ళో ఉన్న చెయ్యి చూసుకుంది. బొటనవేలు బిగుసుకుని ఉంది. నొక్కకుండా.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఆ మాటల్లో తడబాటు లేదు, కొత్తదనం లేదు. ఇలా ముందు సీట్లలో కూర్చుని ఆమె గురించి తేల్చుకోవడం వాళ్ళకి బాగా అలవాటైన పనిలా ఉంది. అంటే ఇవి కొత్త మాటలు కావు, వినపడటమే కొత్త. కూతుర్ని ఏ స్కూల్లో వెయ్యాలో, తన పుట్టింటికి ఎన్ని రోజులు వెళ్ళాలో, తను చదవాలనుకున్న పైచదువు ఎందుకు వద్దో, అన్నీ ఆ ఇంజను రొద కిందే తేలిపోయి ఉంటాయి. తను హాయిగా లోపలికి వెళ్ళిపోయానని అనుకున్న ఆ ప్రయాణాలన్నీ. ఎన్ని తీర్మానాల మీద తల ఆనించి నిద్రపోయిందో!

ఇల్లు వచ్చింది. దిగి, సంచులు తీసి, వైరు తగిలించింది.

ఆ వారం ఆమె భర్తని చాలా శ్రద్ధగా గమనించింది. పెళ్ళైన కొత్తలో తప్ప అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదేమో. నెమ్మదిగా చెప్తానన్నాడు కదా, ఎలా చెప్తాడు? సోమవారం టీ తాగుతూ, "నువ్వీ మధ్య బాగా నీరసంగా కనిపిస్తున్నావ్" అన్నాడు. మర్నాడు, "ఆస్పత్రిలో వాళ్ళు నిన్ను మరీ వాడుకుంటున్నారు" అన్నాడు. ఇంకో రోజు ఆమె బట్టలు ఆరేస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "నాకైతే నిన్ను చూస్తే జాలేస్తుంది తెలుసా? మనకేం తక్కువ? ఎందుకీ పరుగులు?" అన్నాడు. ఒక తడి చొక్కా కూడా అందుకోలేదు, కానీ గొంతులో జాలి నిజంగానే ఉంది. అదే ఆమెకి అంతుపట్టలేదు. అబద్ధమైతే సులువు. అతను అబద్ధం ఆడటం లేదు. ముందు తనని తాను నమ్మించుకున్నాడు, ఆ నమ్మకంతో ఆమెని నమ్మించడానికి వచ్చాడు. మానేస్తానన్న మాట ఆమె నోటి వెంటే రావాలి. వస్తే, "నీ ఇష్టం, నేనేమీ అనలేదు" అని అతను ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకునేటప్పటి మొహం కూడా ఆమెకి ఇప్పుడే కనిపిస్తోంది.

"బట్టలు ఆరేస్తే నీరసం వస్తుందండీ. ఆస్పత్రిలో రాదు" అంది.

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. హాస్యం అనుకున్నాడు.

ఆస్పత్రిలో ఆ వారమే డాక్టరమ్మ పిలిచింది. పెద్దగొంతు మనిషి, చెవి డాక్టరు కావడం వల్లనేమో అందరితోనూ చెవిటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. "పుట్టిన ప్రతి బిడ్డకీ ఇక్కడే పరీక్ష చేసి పంపాలని అనుకుంటున్నాం. ఇక ఏ పిల్లా మూడేళ్ళొచ్చాక మాటలు రాలేదని నా దగ్గరికి రాకూడదు. మొత్తం నువ్వే చూసుకోవాలి. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిల్ని ఇస్తాను, పని నేర్పుకో. పొద్దున్నే రావాలి మరి. ఇంట్లో కనుక్కుని శనివారంలోగా చెప్పు."

ఇంట్లో కనుక్కుని. ఆ మాట దగ్గర ఆమెకి నవ్వొచ్చింది.

పసిబిడ్డకి బటన్ ఇవ్వలేం. నిద్రపోతున్నప్పుడు చెవిలో చిన్న గొట్టం పెట్టి సన్నని శబ్దం పంపిస్తారు. బాగున్న చెవి ఊరుకోదు, లోపలి నుంచి తనూ ఒక చిన్న శబ్దాన్ని వెనక్కి పంపుతుంది. ఎవరికీ వినపడనంత సన్నది, మిషనుకి మాత్రమే తెలుస్తుంది. బిడ్డకి ఏమీ తెలియదు, చెవి మాత్రం ఊఁ కొడుతుంది. ఈ సంగతి చదువుకున్న రోజు ఆమెకి నిద్రపట్టలేదు. చెవి అంటే లోపలికి తీసుకునేదనే అనుకుంటాం, అది జవాబు కూడా ఇస్తుంది! ఒకసారి భర్తకి చెప్పబోయింది. అతను ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ కంటే బిడ్డ చెవి ఊఁ నయం అనుకుంది.

గురువారం సాయంత్రం వైరు తగిలించడానికి షెడ్డులోకి వెళితే కార్లో ఎవరో ఉన్నారు. అత్తగారు. ముందు సీట్లో, తలుపు తెరిచిపెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సినిమా మొదలవ్వడానికి ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది.

"ఏంటత్తయ్యా ఇక్కడ కూర్చున్నారు?"

"ఊరికే. ఇటు రా, కూర్చో."

ఆమె స్టీరింగ్ వైపు తలుపు తీసి కూర్చుంది. కారు కొన్నాక ఆ సీట్లో కూర్చోవడం ఇదే మొదలు. "కొన్నాళ్ళు నా చెయ్యి అలవాటు పడనీ" అని భర్త తాళం ఇవ్వలేదు.

"ఒకటడుగుతా, నవ్వకూడదు" అంది అత్తగారు. "ఈ బండి నిజంగానే చప్పుడు చెయ్యదా?"

"చెయ్యదు."

"నీకూ వినపడదా?"

"నాకూ వినపడదు అత్తయ్యా. ఎవరికీ వినపడదు."

అత్తగారు కళ్ళు మూసుకుని పెద్ద ఊపిరి వదిలింది. "ఇన్నాళ్ళూ నిప్పుల మీద కూర్చున్నట్టుందే నాకు. మొదటిరోజు వాడు బండి తీస్తే, ఇళ్ళు వెనక్కి పోతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. అయిపోయింది, చెవులు పూర్తిగా పోయాయనుకున్నా. చెమటలు పట్టేశాయి. మీరేమో 'ఆహా ఎంత బావుందో, ఎంత బావుందో' అంటున్నారు. ఏం బావుందో నాకేం తెలుసు!"

ఆమెకి నవ్వు ఆగలేదు. అత్తగారు ఉరిమి చూసి, తనూ నవ్వింది.

"మరి చెప్పలేదేం ఎవరికీ?"

"చెప్తే? వినపడదని తెలిసిందంటే ఇక నా ముందే నా గురించి మాట్లాడుకుంటారు. మా అత్తగారికి మేమందరం అదే చేశాం. ఆవిడ మధ్యలో కూర్చుని ఉండేది, మేం చుట్టూ కూర్చుని ఆవిడని ఎవరింటికి పంపాలో మాట్లాడుకునేవాళ్ళం." చెంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "ఒక్కోసారి నావైపు చూసేది. అప్పుడు అర్థం కాలేదు."

ఆమెకి తన చేతిలో బటన్ ఉన్నట్టే అనిపించింది. ఇప్పుడు నొక్కవచ్చు. నొక్కితే ఏమవుతుందో చూడాలని కూడా ఉంది.

"అత్తయ్యా, మీరు గుసగుస అనుకుని మాట్లాడేది గుసగుస కాదు."

"అంటే?"

"మొన్న ఆదివారం మీరూ ఆయనా మాట్లాడుకున్నది నాకు వినపడింది."

అత్తగారి వేలు ఆగిపోయింది. "ఎంతవరకు?"

"మొత్తం."

"బీపుల సంగతి కూడానా?"

"అది కూడా."

"అది వాడన్నాడమ్మాయ్. నేను కాదు."

"మీరు నవ్వారు."

"నవ్వాను" అంది అత్తగారు. కాదనలేదు. కొంచెంసేపటికి, "వాడికి చెప్పేస్తావా, నీకు తెలుసని?" అంది.

"మీరు చెప్తారా?"

"నాకెందుకమ్మా? నాకసలే చెవుడు."

ఈసారి నవ్వు ముందు అత్తగారికే వచ్చింది. ఆ నవ్వు సద్దుమణిగాక ఆవిడ మళ్ళీ అత్తగారైపోయింది. మోకాలు నిమురుకుంటూ, "అయినా పసిపిల్ల కదా. ఎవరో ఒకరు చూడాలిగా. నువ్వు కాకపోతే ఎవరున్నారు చెప్పు?" అంది.

ఇలాంటి ప్రశ్నలకి ఆ ఇంట్లో జవాబులు ఉండవు. అవి ప్రశ్నల్లా కనిపించే తాళంకప్పలు. కానీ ఆ సాయంత్రం ఆమె దాన్ని నిజమైన ప్రశ్నలాగే తీసుకుంది. నేను కాకపోతే ఎవరు? ఆడపడుచుకి ఉద్యోగం ఉంది. ఆడపడుచు భర్త నెలలో సగం రోజులు ప్రయాణాల్లో ఉంటాడు. అత్తగారికి మోకాళ్ళు. ఇంట్లో ఇంకెవరున్నారు? తలుపు తెరిచే ఉంది. షెడ్డు పక్క కిటికీలోంచి ముందుగది కనిపిస్తోంది. అందులో కంప్యూటర్ వెలుగు, కుర్చీ వెనక్కి వాల్చి కళ్ళు రుద్దుకుంటూ ఒక మనిషి.

"నిజమే అత్తయ్యా" అంది, చాలా నెమ్మదిగా. "ఎవరున్నారో చూడాలి."

శనివారం పొద్దున డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి సరేనంది. "ఇంట్లో ఒప్పుకున్నారా?" అని డాక్టరమ్మ వరండా అంతా వినపడేలా అడిగింది. "ఇంకా చెప్పలేదండీ. ఇవాళ చెప్తాను" అంది. డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, "బావుంది" అంది.

ఆ మధ్యాహ్నం భర్త కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అత్తగారికీ అక్కడే చూపించాలని ముగ్గురూ వెళ్ళారు. అత్తగారి కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. భర్త కళ్ళలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేలా చేసి చూశారు. బయటికి వచ్చేసరికి అతనికి ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా పోల్చుకోవడం కష్టంగా ఉంది. వెలుగు పడక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సాయంత్రం వరకూ ఇంతేనట. టాక్సీ పిలుద్దాం. రేపొచ్చి బండి తీసుకెళ్తాను" అన్నాడు.

"దానికి నడపడం వచ్చుగా. ఇయ్యరా తాళం" అంది అత్తగారు.

"పాత బండి వేరమ్మా, ఇది వేరు. కాలు ఆనిస్తే దూకుతుంది."

"పిల్లే కదురా, దూకితే దూకుతుంది. నా కాళ్ళు లాగుతున్నాయి. ఇయ్యి."

అతను జేబులోంచి తాళం తీశాడు కానీ వెంటనే వదల్లేదు. ఆమె వేళ్ళు కూడా దాన్ని పట్టుకున్నాక ఇంకాసేపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత వెనక తలుపు తడుముకుంటూ తీసుకుని ఎక్కాడు. ఆ సీట్లో మోకాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక కొంతసేపు కదిలాడు.

ఆమె సీటు ముందుకు జరుపుకుంది. అద్దం తనకి సరిపడా వంచింది. నిజంగానే పాత బండిలా లేదు. గేరు లేదు, క్లచ్ లేదు, ఎడమకాలికి పనే లేదు. కాలు ఆనించగానే కారు కదిలిందని కిటికీ చూస్తే గాని తెలియలేదు. కాలు తీస్తే ఊరికే జారిపోవడం లేదు, ఎవరో వెనక నుంచి చెయ్యి పట్టుకున్నట్టు నెమ్మదిస్తోంది. అలా నెమ్మదించినప్పుడల్లా తెర మీద ఒక పచ్చ గీత వెనక్కి తిరుగుతోంది, ఖర్చైన కరెంటు కొంచెం మళ్ళీ చేరుతోంది. ఆమె రెండుసార్లు కావాలనే కాలు తీసి చూసింది. పసిపిల్ల ఆటలా అనిపించింది.

"మెల్లగా... బ్రేకు, బ్రేకు" అన్నాడు వెనక నుంచి. "ఎడమపక్క లారీ వస్తోంది చూడు."

"నీకు కళ్ళే కనపడవుగా, లారీ ఎలా కనిపించిందిరా?" అంది అత్తగారు.

"నీడ పడిందమ్మా."

"అది చెట్టు."

సిగ్నల్ దగ్గర ఆగారు. అతను గొంతు సవరించుకున్నాడు. ఇది జాలి గొంతు అని ఆమె గుర్తుపట్టింది.

"నిన్న చెల్లి ఫోన్ చేసింది. పాపని ఎవరి దగ్గర వదలాలో తెలియక ఏడుస్తోంది. నేనేం బలవంతపెట్టనులే, నువ్వే ఆలోచించు. ఎలాగూ నువ్వు అలిసిపోతున్నావ్..."

"మీరు మాట ఇచ్చేశారుగా" అంది.

వెనక సీట్లో కదలిక ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

అత్తగారు చటుక్కున కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

"మీరే. ఆదివారం వస్తున్నప్పుడు. నేను ఇప్పుడు మీరు కూర్చున్న చోటే ఉన్నాను." పచ్చలైటు పడింది. కాలు ఆనించింది. "ఇవాళ పొద్దున డాక్టరమ్మకి నేనూ ఒక మాట ఇచ్చాను. పుట్టిన పిల్లలకి పరీక్షలు చేసే పని. సోమవారం నుంచి పొద్దున్నే వెళ్ళాలి."

"అదేంటి? నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదని ఆమెకి తెలుసు. అడిగినవాడికే ఆ జవాబు అందింది. అద్దంలో అతను కళ్ళకి అడ్డంగా ఉన్న చెయ్యి దించడం కనిపించింది.

"మరి పాప?" అన్నాడు చివరికి. గొంతులో ఇప్పుడు జాలి లేదు, వట్టి అయోమయం ఉంది. ఆ అయోమయం ఆమెకి నచ్చింది. అతని నోట చాలాకాలానికి వచ్చిన నిజమైన ప్రశ్న అది.

"పాపని మీరు చూసుకోండి. పగలంతా ఇంట్లో ఉండేది మీరేగా."

"నేనా?"

"వాడికి గుడ్డలు మార్చడం కూడా రాదే" అంది అత్తగారు, తనకి మాత్రమే వినపడుతుందనుకుని.

"వస్తుంది అత్తయ్యా. నాకూ పుట్టుకతో రాలేదు."

"బండి పక్కకి ఆపు" అన్నాడు అతను. "ఆపు, మాట్లాడుకుందాం."

ఆమె ఆపలేదు. వేగమూ పెంచలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. "వెళ్తూ మాట్లాడుకుందామండీ. చెప్పండి" అంది.

సీటు మీది ప్లాస్టిక్ చప్పుడైంది. అతను ముందుకు వంగుతున్నాడు. ఊపిరి తీసుకున్నాడు, ఏదో అనబోయి ఆగాడు, మళ్ళీ తీసుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతని నోట రాబోయే మాట ఆమెకి ఎప్పుడూ ముందే తెలిసిపోయేది. ఇప్పుడు మాత్రం అతనేమంటాడో ఆమెకి బొత్తిగా తెలియలేదు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఆ మాట కోసం ఎదురుచూసింది.